సైలెన్స్ అంటే 'అర్థమైంది' కాదు

మా కట్టంగూర్ దిక్కు బత్తాయి తోటల్లో ఉండేవి అంటు మొక్కలు. మంచి కాపు కాసే సాత్గుడి చెట్టు నుంచి ఒక కన్ను తీసి నిమ్మజాతి మొక్కకు కడతారు. ఆ కన్నులోని కణాలే రెండవుతూ, నాలుగవుతూ కొమ్మలై కాయలదాకా వస్తాయి. బత్తాయి కణంలో 18 క్రోమోజోములు. కణం చీలిన ప్రతిసారీ రెండు కొత్త కణాలకూ ఆ 18 పూర్తిగా అందాలి. మన ఒంట్లో అయితే 46. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా ఆ కణం చచ్చిపోవచ్చు, దారి తప్పొచ్చు. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఈ లెక్క తప్పే ఉంటుంది.

టెన్త్‌ దాకా ప్రొఫేజ్, మెటాఫేజ్ అని బట్టీ కొట్టి, తర్వాత ఎంపీసీ తీసుకుని బయాలజీకి బై చెప్పేశాం. అసలు ప్రశ్న మాత్రం మిగిలిపోయింది: అన్నీ రెడీ అయ్యాయని కణానికి ఎట్ల తెలుస్తుంది?

సీఎస్ఈ వాళ్లం కాబట్టి లోపల ఎక్కడో ఒక కౌంటర్ ఉండి 46 దాకా లెక్కపెడుతుందేమో అనుకుంటాం. అట్లాంటిదేం లేదు. కాపీ అయిన ప్రతి క్రోమోజోమ్ ఒక జంట. ఆ జంటను కోహెసిన్ అనే ప్రోటీన్ కట్టి ఉంచుతుంది. జంటలో ఒక్కోదానికి కైనెటోకోర్ అనే పట్టు ఉంటుంది. కణం రెండు కొసల నుంచి వచ్చే దారాలు ఈ పట్టులను అందుకోవాలి. దారం అందని కైనెటోకోర్ ఊరుకోదు, 'ఆగండి' అని సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. అది వస్తున్నంతసేపు కోహెసిన్‌ను కత్తిరించే సెపరేస్ అనే ఎంజైమ్‌కు తాళం పడే ఉంటుంది. చివరిదానికి కూడా దారం అందాక సిగ్నల్ ఆగిపోతుంది, తాళం తీస్తారు, అన్ని జంటలూ ఒకేసారి విడిపోతాయి. ఈ కాపలాకు కావాల్సిన మ్యాడ్, బబ్ జీన్లను 1991లో ఈస్ట్‌లో కనుక్కున్నారు.

నన్ను ఆలోచనలో పడేసింది 1995లో కాన్లీ రీడర్ బృందం చేసిన ప్రయోగం. దారం అందక మిగిలిన చివరి కైనెటోకోర్‌ను వాళ్లు లేజర్‌తో కాల్చేశారు. 'ఆగండి' అనే గొంతు ఆగిపోయింది. కాసేపటికే కణం ముందుకెళ్లిపోయింది. దారం మాత్రం అందలేదు.

మన క్లాసుల్లో జరిగేది ఇదే అని నా అభిప్రాయం. "ఎనీ డౌట్స్?" అంటారు. ఎవరూ మాట్లాడరు. నెక్స్ట్ యూనిట్. కణంలో సైలెన్స్‌ను నమ్మొచ్చు, ఎందుకంటే అక్కడ దారం అందనిది ఎవరూ అడగకుండానే అరుస్తుంది. మన దగ్గర దారం అందనివాళ్లే అందరికంటే సైలెంట్. ఇంగ్లీష్ మీడియం నుంచి వచ్చిన నాలాంటివాళ్లకు పాయింటర్స్ ఒక్కటే కష్టం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ముందు ఆ ఇంగ్లీషును దాటాలి, తర్వాత పాయింటర్స్. పైగా డౌట్ అడిగితే వెనక బెంచీ నుంచి నవ్వు. ఆ నవ్వే మన లేజర్.

సిలబస్ ఎవరి కోసం ఆగుతుంది అంటారా? నిజమే. కణం కూడా ఎల్లకాలం ఆగలేదు. మరీ ఆలస్యమైతే చచ్చిపోతుంది, లేదంటే చెక్ దాటేసి జారుకుంటుంది. ఆ చెక్ పర్ఫెక్ట్ కూడా కాదు: ఒకే కైనెటోకోర్‌ను రెండు వైపుల దారాలూ పట్టుకున్నా సిగ్నల్ ఆగిపోతుంది. కాబట్టి సెమిస్టర్ అంతా ఆగమని నేను అనడం లేదు. మామూలుగా మన కణాలు ఆగేది నిమిషాల్లోనే. మనం ఐదు నిమిషాలు ఆగలేమా?

దీనికి ఫ్యాకల్టీ పర్మిషన్ కూడా అక్కర్లేదు. మన స్టడీ గ్రూపుల్లోనే మొదలుపెడదాం. టాపిక్ అయ్యాక తలా ఒక చీటీ. అర్థమైంది ఒక్క లైన్‌లో, తెలుగులోనో ఇంగ్లీషులోనో, పేరు లేకుండా రాయాలి. ఖాళీ చీటీ ఒక్కటి వచ్చినా 'ఆగండి' అని లెక్క. ఎవరిదని అడగొద్దు. ఇంకోసారి చెప్పుకుందాం.