అమ్మమ్మ పాటలు, పైథాన్ కత్తెర

మొన్న వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు అమ్మ బీరువాలో ఓ క్యాసెట్ దొరికింది. అమ్మమ్మ పాడిన మంగళహారతులు, లాలిపాటలు. షాపులో ఇస్తే ఒక్కో వైపు 45 నిమిషాల చొప్పున రెండు పొడవాటి ఫైళ్ళు చేసిచ్చారు. మరి పాటలు విడివిడిగా కావాలంటే?

నా బీయస్సీ అటకెక్కి పదిహేనేళ్ళు. మా అమ్మాయి పైథాన్ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ కాస్త పట్టుకున్నాను. అందులో పైడబ్ అని ఉచిత లైబ్రరీ ఉంది. వేవ్ ఫైళ్ళు నేరుగా తీసుకుంటుంది, ఎంపీ3 అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా వేసుకోవాలి. కొలత మిల్లీసెకన్లలో, 60000 అంటే నిమిషం. నిశ్శబ్దం ఉన్నచోట దానంతటదే కోస్తుంది కూడా.

సంబరంగా నడిపితే సగం పాటలు మాయం! గుండె ఝల్లుమంది. తీరా చూస్తే, మనం వేరే చెప్పకపోతే మైనస్ 16 డెసిబెల్స్ కన్నా తగ్గిన శబ్దం సెకను సేపు ఉంటే చాలు, దాన్ని నిశ్శబ్దం కింద లెక్కేస్తుందట. అమ్మమ్మదేమో మెత్తని గొంతు. హద్దు మైనస్ 40కి దించి, మూడు సెకన్లు ఆగితేనే కొయ్యమన్నాను. పాటలన్నీ తిరిగొచ్చాయి.

ఒక్క మాట. అసలు ఫైలు చెరపకండి, కాపీనే కోయండి. రెండు పాటల మధ్య అమ్మమ్మ మెల్లగా "వింటున్నావుటే?" అంటుంది. కోసిన ముక్కల్లో అది ఎక్కడా లేదు.

ఈసారి ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ళతోపాటు మీ ఇంటి క్యాసెట్లూ తెచ్చుకోండి.