ఎండ వేడి మనకు కావాల్సింది రాత్రికి



చలి మొదలయింది. మన బాగేపల్లి, చింతామణి తట్టు సంక్రాంతి ముందర తెల్లవారుజామున థర్మామీటరు 15కి, ఒక్కోనాడు ఇంకా కిందికే దిగుతుంది. చాకీ పురుగుకు కావాల్సింది 26 నుంచి 28 డిగ్రీలు, పెద్ద పురుగుకు 24, 25. చలికి పురుగు మందగిస్తుంది, జ్వరాలు ఆలస్యమవుతాయి, పంట దినాలు పెరుగుతాయి. చలికి తేమ తోడైతే సున్నపుకట్టు రోగం ఎదురుచూస్తా ఉంటుంది. అందుకని మనమేం చేస్తున్నాం? బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగిస్తున్నాం.

ఇది మానాలని మేం గట్టిగా అంటున్నాం. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పురుగుల కాపలాకని ఇంట్లోవాళ్ళు ఆ గదిలోనే పడుకుంటారు కదా. పంట పోతే ఇంకో పంట పెట్టుకోవచ్చు. కరెంటు హీటరు మంచిదే, కానీ రాత్రిపూట కరెంటు పోతే దాని పని అంతే.

ఇప్పుడు కొందరు ఎండతో గాలి కాచే పెట్టెల గురించి అడుగుతున్నారు. అందులో మాయేమీ లేదు. నల్లరంగు పూసిన రేకు, పైన అద్దం, దక్షిణానికి వాలుగా పెట్టాలి. చిన్న ఫ్యాను గదిలోని గాలిని పెట్టెలోకి లాగి, వేడిచేసి మళ్ళీ గదిలోకి వదులుతుంది. ఫ్యానుకు చిన్న సోలార్ ప్యానెల్ చాలు. మంచి వెల్డింగు షాపతను చేసిస్తాడు.

అయితే అమ్మేవాళ్ళు దీన్ని మధ్యాహ్నం 12 గంటలకు చూపిస్తారు. ఆ టైముకు మనకు చలి ఎక్కడిది? ఇంటిమీది సోలార్ నీళ్ళకు ట్యాంకు ఉంది కాబట్టే తెల్లారి స్నానానికి వేడినీళ్ళు వస్తున్నాయి. గాలికి ట్యాంకు లేదు. దానికి రాళ్ళే ట్యాంకు. అమెరికాలో డెన్వర్ ఊర్లో జార్జ్ లోఫ్ అనే ఇంజనీరు 1957లోనే తన ఇంట్లో ఎండతో కాచిన గాలిని గులకరాళ్ళ గుండా పంపి, ఆ వేడిని రాత్రికి దాచుకున్నాడు. మన జిల్లాలో రాళ్ళకు కరువా!

లెక్క చూడండి. ఒక టన్ను జల్లి 20 డిగ్రీలు వేడెక్కితే 4 యూనిట్లకు పైగా వేడి పట్టుకుంటుంది. రెండు టన్నులైతే దగ్గర దగ్గర 9 యూనిట్లు, అంటే 1000 వాట్ల హీటరు రాత్రంతా నడిచినట్టు. దానికి 4 చదరపు మీటర్ల పెట్టె, మంచి ఎండ కావాలి. రాత్రి ఆ వేడిని గదిలోకి తోయను ఫ్యానుకు ఒక బ్యాటరీ కూడా కావాలి.

ఇది చిన్న చాకీ గదికి సరిపోతుంది. ఉత్త రేకు కప్పున్న పెద్ద షెడ్డుకు చాలదు, రెండు డిగ్రీలు పెరిగితే ఎక్కువ. అట్లాంటి షెడ్డుకు ముందు కప్పు కింద సీలింగు వెయ్యండి, సందులు మూయండి. డబ్బు అక్కడ పెట్టండి. పెట్టె సంగతి తర్వాత.

ఇంకొకటి. 15 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉంటే, అదే గాలి 25కి కాగినాక 43 శాతానికి పడిపోతుంది. చాకీకి 80 పైన ఉండాలి కాబట్టి తడి గోనెపట్టలు తప్పవు. కానీ చంద్రికల దగ్గర ఈ పొడిగాలే వరం. పండిన పురుగు పోసే తడి ఆరిపోతుంది, గూడు బాగా విడుతుంది. అక్కడికి రాళ్ళు లేని పగటి పెట్టె అయినా పనికొస్తుంది.

చాకీ సెంటర్లవాళ్ళు ముందుకు రావాలి, ఒక గది వేడితో వందలమంది పంట బాగుపడుతుంది. కొత్త షెడ్డుకు సబ్సిడీ అడిగేటప్పుడు సీలింగు, జల్లి తొట్టి ప్లానులోనే ఉండాలని మనమూ పట్టుబట్టాలి.

ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే, రాత్రి 10కి, తెల్లారి 5కి గది వేడి, తేమ రీడింగులు గ్రూపులో పెట్టండి. మధ్యాహ్నం రీడింగు మాత్రం వద్దు.