అశ్వహృదయం తెలిసిన మేస్త్రీలు

రాజధానిలో ‘నైపుణ్యం’ అన్న మాటకు నేడున్నంత గిరాకీ మరే మాటకూ లేదు. 2014లో దానికొక ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. 2016లో అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం వచ్చింది. ఐదేళ్లలో కోటిమంది యువజనులకు పెద్ద కంపెనీలలో ఇంటర్న్‌షిప్ కల్పిస్తామని 2024 బడ్జెట్ వాగ్దానం చేసింది. ఈ లెక్కలలో నేర్చుకునేవాని ప్రసక్తి పుష్కలంగా ఉంది. నేర్పేవాని ప్రసక్తి మాత్రం బహు స్వల్పం. ఈ లోపం ఎంతటిదో గ్రహించాలంటే ఢిల్లీ ఫైళ్లను పక్కనబెట్టి ఖరగ్‌పూర్ వైపు చూడాలి.

ఖరగ్‌పూర్ బెంగాల్‌లో ఉన్నా తెలుగువారి చెమటతో పెరిగిన రైల్వే పట్టణం. తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో విలీనమైంది. ఆ మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఉపాధి వెదుక్కుంటూ అక్కడికి చేరాయి. తండ్రి పట్టిన సుత్తిని కొడుకు అందుకోవడం అక్కడి కర్మాగారంలో తరతరాల ఆచారమైంది. ఆ కార్మికుల పక్షాన 1927లో వి.వి.గిరి నిలబడిన సంగతి చరిత్రకెక్కింది. కాని అదే కార్మికులు కుర్రవాళ్లకు నేర్పిన విద్య ఏ చరిత్రలోనూ చోటు చేసుకోలేదు.

యంత్రబలాన్ని అశ్వశక్తితో కొలవడం జేమ్స్ వాట్ నాటి ఆనవాయితీ. ఒకనాడు మన రైళ్లను లాగిన డబ్ల్యూ.డి.ఎం.-2 డీజిల్ ఇంజను 2,600 అశ్వశక్తులది. గుర్రానికీ ఇంజనుకూ పోలిక ఈ కొలతతోనే ఆగిపోదు. గుర్రపు కాలిని తడిమి, లోపలి వాపును వేడినిబట్టి పసిగట్టడం అశ్వశిక్షకుడు తన శిష్యునికి నేర్పే తొలి పాఠాలలో ఒకటి. ఇరుసుపెట్టె వేడెక్కిందేమో చేతితో చూసి చెప్పడం రైల్వే మేస్త్రీ నేర్పే పాఠం. చక్రాన్ని సుత్తితో తడితే ఖంగుమనాలి. ధ్వని బొంగురుపోతే పగులును అనుమానించాలి. ఈ తేడా పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. పక్కన నిలబడి ‘మళ్లీ కొట్టు, మళ్లీ విను’ అని పదేపదే చెప్పే ఓర్పు ఒకరికి ఉండాలి.

ఆ ఓర్పుకు ప్రతిఫలమేమిటి? నలోపాఖ్యానం తెలిసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణునికి అశ్వహృదయం ఇవ్వజూపి, అతని నుంచి అక్షహృదయం పొందుతాడు. ఆ క్షణంలోనే కలి అతణ్ణి విడిచిపోతాడు. ఇచ్చిపుచ్చుకునే విద్య ఇచ్చేవానిని సైతం విముక్తుణ్ణి చేస్తుందనడానికి ఇంతకు మించిన దృష్టాంతం అక్కరలేదు. తాను చెప్పకముందే శిష్యుడు పగులును పసిగట్టిననాడు గురువుకు కలిగే ఆనందాన్ని ఏ జీతపు పట్టికా కొలవలేదు.

పగుళ్లు వెదకడానికి నేడు అల్ట్రాసోనిక్ పరికరాలున్నాయి కదా అని కొందరనవచ్చు. ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే పరికరం చూపినదాన్ని తేలికగా తీసుకోకపోవడం, అనుమానం కలిగితే పై అధికారి తొందరపెట్టినా బండిని ఆపడం మనిషి మనిషికి నేర్పవలసిన గుణాలు. ప్రయాణికుల ప్రాణాలు వాటిపైనే ఆధారపడి ఉన్నాయి.

ఇంత శ్రమపడి తీర్చిదిద్దిన శిష్యుడు వీధిన పడితే ఆ ఆనందం అడుగంటక తప్పదు. రైల్వే స్థాయి-1 నియామకాలలో తమకు కేటాయించిన 20 శాతం చాలదంటూ 2018 మార్చి 20న ముంబయిలో అప్రెంటిస్‌లు పట్టాలపై బైఠాయించిన ఘటన ఇక్కడ గమనార్హం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం శిక్షణకు హామీ ఇస్తుందే తప్ప ఉద్యోగానికి ఇవ్వదు.

కేంద్రం చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. కుర్రవాళ్లకు పని నేర్పడానికి మేస్త్రీ వెచ్చించిన గంటలను విధినిర్వహణగానే లెక్కించాలి. శిక్షణ పత్రంపై శిష్యుని పేరుతోపాటు గురువు పేరూ ఉండాలి. పదవీ విరమణకు ముందు రెండేళ్లపాటు అనుభవజ్ఞులకు బోధన బాధ్యతే అప్పగించాలి. శిక్షణ పూర్తిచేసినవారికి నియామకాలలో వాటా పెంచాలి.

తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారి భాషను కోల్‌కతా గుర్తించింది. వారి చేతిలోని విద్యను గుర్తించవలసిన బాధ్యత ఇప్పుడు ఢిల్లీది.