పట్టాకు ఎల్ల ఎక్కడ?

విద్యను విక్రయించువారు రాష్ట్రపు ఎల్లలను సులభముగా దాటుదురు, చట్టము దాటదు. 2002లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ చేసిన చట్టము ఆసరాగా అక్కడ నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయములు వెలసినవి. వానిలో పెక్కింటికి తగిన భవనములు గాని బోధనా వసతులు గాని లేవు. ఇతర రాష్ట్రములలో కేంద్రములు తెరచుటకు సైతము ఆ చట్టము వీలు కల్పించినది. ఆచార్య యశ్‌పాల్ వేసిన వ్యాజ్యములో 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాని ముఖ్య నిబంధనలను కొట్టివేసినది. ఒక రాష్ట్రపు శాసనము ఆ రాష్ట్రము వరకే చెల్లునని స్పష్టము చేసినది. విద్యార్థులు నష్టపోకుండ చర్యలు గైకొనుమనియు ఆదేశించినది.

అయినను, కోల్పోయిన సంవత్సరములను ఏ తీర్పు తిరిగి ఈయగలదు? అనుమతులను విచారించుకొనుట విద్యార్థి పనియేనని కొందరందురు. మేము అంగీకరింపము. రుసుము పుచ్చుకొనువారే యు.జి.సి. అనుమతిని, తమ పరిధిని ముందుగా చూపవలెను. చట్టము వారిని అందుకు నిర్బంధింపవలెను.

అంతవరకు, దూరవిద్యా సంస్థల అనుమతుల వివరములను మన కళాశాల సంఘము ఏటేట నోటీసు బోర్డుపై తెలుగు, ఉర్దూ భాషలలో ఉంచవలెనని కోరుచున్నాము. ఇంటిలో తొలిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి అడిగి తెలిసికొనుటకు వేరెవరున్నారు?