అమ్మీకి అద్దాలిచ్చారు, పర్దా ఎవరు చూశారు?

మన ఇళ్లలో ఒక మాట ఉంది. దాన్ని నేనిక వినదలచుకోలేదు: "సఠియా గయే." నానీ ఇషాలో ఎన్ని రకాతులు చదివిందో మరిచి మళ్లీ మొదలుపెడుతుంది. దాదా పెన్షన్ పైసలు ఎక్కడ పెట్టాడో తెలియక బహూ మీద కేకలేస్తాడు. మనం నవ్వేస్తాం. ఎప్పుడో ఒకసారి మరవడం అందరికీ ఉన్నదే. కానీ రోజూ జరుగుతుంటే అది బుఢాపా కాదు, బీమారీ కావచ్చు. ఇలాజ్ అడగాల్సిన చోట మజాక్ చేస్తున్నాం.

2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత వచ్చింది. పెద్దవాళ్లు వరుస కట్టి అద్దాలు తెచ్చుకున్నారు. మంచి పనే, కాదనను. అయితే అద్దాలు నజర్ కోసం. కంటి వెనక పర్దా సంగతి వేరు. డాక్టర్లు రెటీనా అంటారే, అదే. తల్లి కడుపులో బిడ్డ దిమాగ్ తయారయ్యేటప్పుడు దాంట్లోంచే పొడుచుకొచ్చిన ముక్క అది. పుర్రె తెరవకుండా దిమాగ్ తాలూకు నరాల్ని నేరుగా చూడగలిగే జాగా అదే.

ఓసీటీ అనే మెషీన్ ఆ పర్దా పొరల మందాన్ని కాంతితో కొలుస్తుంది. సూది లేదు, నొప్పి లేదు, గడ్డం ఆనించి కూర్చుంటే చాలు. బ్రిటన్‌లో 40 నుంచి 69 ఏళ్ల వాళ్లు 32 వేల మందికి పైగా ఇలా చూపించుకున్నారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి: నరాల పొర పల్చగా ఉన్నవాళ్లు యాద్‌దాష్త్ పరీక్షల్లో వెనకబడ్డారు. కొందరిని మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, ఇంకా దిగజారిందీ ఎక్కువగా వాళ్లే.

అలాగని స్కాన్ చూసి అమ్మీకి డిమెన్షియా అని చిట్టీ రాసేయమనడం లేదు. గ్లాకోమా ఉన్నా, షుగర్ ఉన్నా ఆ పొర పల్చబడుతుంది. అది ఇషారా, ఫైసలా కాదు. కంటి ఫొటోతో మతిమరుపు ముందే చెప్పేస్తామని రేపెవరైనా ప్యాకేజీ అమ్మితే మీ పైసలు దాచుకోండి.

నా షికాయత్ వేరే. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి పర్దా చూపించాలని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మన మొహల్లాలో షుగర్ లేని పెద్దవాళ్లను లెక్కపెట్టండి, వేళ్లు మిగిలిపోతాయి. మరి పర్దా చూపించిందెవరు? చూపు తగ్గినా ఇలాజ్ చేయించకపోవడం కూడా డిమెన్షియా ముప్పును పెంచుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ తన జాబితాలో చేర్చింది. అయినా మోతియాబింద్ ఆపరేషన్‌ను "ఈద్ అయ్యాక చూద్దాం" అని ఏళ్లు జరిపే కొడుకులున్నారు. బైక్ మాత్రం ఈద్‌కు ముందే వస్తుంది!

అచ్చంపేట దవాఖానాలో షుగర్ గోలీలిచ్చే రోజే పర్దా ఫొటో తీయాలి. ఫొటోను హైదరాబాద్ డాక్టర్‌కు పంపొచ్చు, ముసలమ్మను బస్సెక్కించక్కర్లేదు. అదే కుర్చీలో యాద్‌దాష్త్ గురించి నాలుగు సవాళ్లు అడగాలి, ఆమె మాట్లాడే జబాన్‌లో. తెలుగు సరిగా రాని దాదీని తెలుగులో అడిగి మతి పోయిందని రాసుకుంటే అది జుల్మ్. నాగర్‌కర్నూల్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. రేషన్ కార్డు కోసం వెళ్తాం కదా, ఈసారి ఈ అర్జీ కూడా పట్టుకెళ్దాం.