చిల్లర కయ్యాల నిఘంటువు

కయ్యం, జగడం, తగువు, రగడ, కీచులాట... దెబ్బలాటకు తెలుగులో మాటలకేం కొదవలేదు. లోటల్లా ఒక్కటే. పైకి టవల్ గురించో టమాటా గురించో మొదలై, లోపల మాత్రం పర్సు చుట్టూ తిరిగే ఆలుమగల గొడవకు ప్రత్యేకంగా ఓ పేరు లేదు. లేకపోతే పెట్టుకోవచ్చు. 1957లో వచ్చిన 'మాయాబజార్' కోసం పింగళి నాగేంద్రరావు 'అసమదీయులు', 'తసమదీయులు' అంటూ మాటలు పుట్టిస్తే తెలుగువాళ్లు హాయిగా వాడుకోలేదూ! ఆ ధైర్యంతోనే ఈ బుల్లి నిఘంటువు.

చలికలహం: ఆయన ఏసీని 20లో పెడతారు. ఆవిడ లేచి 26కి మారుస్తుంది. నాన్నకు ఉక్క, అమ్మకు చలి అనుకుంటారు పిల్లలు. అసలు సంగతి కరెంటు బిల్లు. స్లాబు దాటితే యూనిట్ రేటే పెరుగుతుందన్నది ఆవిడ బెంగ. 'నీకెప్పుడూ చలే!' అని ఆయన విసుక్కుంటే, 'నా సుఖానికి పది రూపాయలు ఖర్చయితే ఓర్వలేవా?' అని అర్థం.

పాతదేవాదం: బీరువాలోంచి బయటికొచ్చిన కొత్త చీరను 'ఇది పాతదేనండీ, మీరే చూళ్లేదు' అని నిరూపించే సిద్ధాంతం. ద్వైతం, అద్వైతం తర్వాత ఇంత ప్రచారం పొందిన వాదం మరొకటి లేదు. ఇందులో మగవారి శాఖ పేరు ఆఫరోపాఖ్యానం. కొత్త ఫోను ఎంతకు కొన్నదీ చెప్పకుండా, ఎంత తగ్గించారో మాత్రమే చెప్పే కథ ఇది.

టింగుతగువు: 2016లో యూపీఐ వచ్చాక జాయింటు ఖాతా ఉన్న ఇళ్లలో మొదలైంది. బజార్లో ఆవిడ డబ్బు చెల్లించగానే ఆఫీసులో ఆయన ఫోను 'టింగ్'మంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి 'బజారుకెళ్తే అంతసేపేంటి?' అంటారు. అడగాలనుకున్నది ఆలస్యం గురించి కాదు, 640 రూపాయల గురించి.

కవరుకయ్యం: పెళ్లికి బయల్దేరేటప్పుడు 'చొక్కా ఇస్త్రీ చేయలేదేం?' దగ్గర రాజుకుంటుంది. చొక్కా వంక మాత్రమే. ఆయన మేనత్త కూతురి పెళ్లికి 1116 చదివించినవారు, ఆవిడ పిన్ని కొడుకు పెళ్లికి 516 దగ్గర ఆగిపోయారు. తేడా 600. బాధ మాత్రం 'మావాళ్లంటే అంత లోకువా?' అని. దాంతో ఆటోలో అరగంట మౌనవ్రతం.

ఎందుకాస్త్రం: నవ్వుకోవడానికి వీల్లేనిది ఇదొక్కటే. 'ఓ అయిదొందలివ్వండి' అంటే 'ఎందుకు?' అంటూ దూసుకొచ్చే ప్రశ్న. అడిగేవారికి అది మామూలు మాట. చెప్పేవారికి రోజూ సంజాయిషీ. అది తప్పించుకోవడానికే ఎన్నో ఇళ్లలో పోపులడబ్బాలోకి నోట్లు చేరతాయి. 2016 నవంబరు 8న పాత 500, 1000 నోట్ల రద్దు ప్రకటించాక ఆ డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. 'నాకు తెలీకుండా ఇంత దాచావా?' అని నోరెళ్లబెట్టిన భర్తల్లో, 'దాచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?' అని ఆలోచించినవాళ్లెందరు?

పేరు పెట్టినంత మాత్రాన గొడవలు ఆగిపోతాయా? ఆగవు. కానీ చొక్కా దగ్గర గొంతులు లేస్తున్నప్పుడు ఒకరు 'ఇది కవరుకయ్యం కదూ!' అంటే రెండోవారికి నవ్వొస్తుంది. అసలు సంగతి బయటికొస్తుంది. ఇస్త్రీ గురించి ఎంతసేపు వాదించినా తెగదు. 600 సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

జీతం వచ్చాక మొదటి ఆదివారం కాఫీ తాగుతూ కరెంటు బిల్లు, పాల లెక్క, చీటీ వాయిదా, రాబోయే పెళ్లిళ్ల చదివింపులు ముందేసుకుని ఇద్దరూ కూర్చుంటే సరి. సంపాదన ఎవరిదైనా, ఆ లెక్కలోంచి ఇద్దరికీ చెరికొంత పక్కన పెట్టుకోవాలి. ఎంతన్నది ఇంటిని బట్టి. షరతు ఒక్కటే... అది ఏమైందని రెండోవారు అడగకూడదు. దానికీ ఓ మాట ఉండాలిగా మరి. 'అడగనిసొమ్ము' అందామా!