బడి దగ్గరికే పళ్ల వైద్యం: నల్లగొండ పడమటి మండలాల్లో మా ప్రణాళిక

మేము పళ్ల డాక్టర్లం, బడి పంతుళ్లం, ఏఎన్‌ఎంలం, కంప్యూటర్ మీద మ్యాపులు గీసే కుర్రవాళ్లం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల సర్కారు బడుల్లో పిల్లల పళ్ల సంగతి చూడాలని కూడబలుక్కున్నాం. ఏం చేస్తామో, ఏం చేయమో ముందే రాసిపెడితే రేపు ఎవరైనా మమ్మల్ని నిలదీయడానికి వీలుంటుంది. అందుకే ఈ కాగితం.

పన్ను పుచ్చిందని రాసుకుని వెళ్లిపోవడాన్ని మేము వైద్యం అనం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఒక బృందం ఏడాదికోసారి బడికి రావాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పిప్పిపన్ను కూడా ఉంది. మంచి పథకమే, దాన్ని తప్పుపట్టడం మా పని కాదు. అయితే ఆ బృందంలో ఉండేది ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం. నోరు చూస్తారు, చీటీ రాస్తారు. ఆ చీటీ నాలుగు మడతలై జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని కింద నలుగుతుంది. ఇంట్లో చూపించినా, పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుని, బస్సులు మారి, నల్లగొండ పెద్దాసుపత్రికి బిడ్డను తీసుకుపోవాలి. నొప్పిలేని పన్ను కోసం ఎవరు పోతారు? నొప్పి ముదిరాక పోతే తరచూ పీకడమే మిగులుతుంది. కాబట్టి మేము రాసే లెక్కల్లో చీటీల సంఖ్య ఉండదు. బాగుచేసిన పళ్ల సంఖ్య ఉంటుంది.

మ్యాపు ఎందుకంటే, ముందు ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవడానికి. దంత శిబిరం ఎక్కడ పెడతారో అందరికీ తెలుసు: రోడ్డు పక్కనున్న పెద్ద హైస్కూల్లో, పోయినేడు పెట్టిన చోటే. లోపలి తండా బడికి ఎవరూ పోరు. పిల్లలు పదిహేనుమందే, ఫొటో నిండదు. మేము ఆ వరసను తిరగేస్తాం. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడు ఉంటుంది. దాని కిందే బడి ఎక్కడుంది, పిల్లలెందరు, దగ్గరి పళ్ల కుర్చీ దాకా ఎంతసేపు పడుతుంది, కిందటిసారి ఎవరు ఎప్పుడు చూశారు అన్నవన్నీ చేరుస్తాం. మ్యాపులు గీయడానికి వాడే క్యూజీఐఎస్‌కు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు పైసా కట్టక్కర్లేదు కాబట్టి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కోసం ఎవరినీ చందా అడగం. స్కేలు పెట్టి గీత గీసి దూరం కొలవం. మ్యాపులో ఆరు కిలోమీటర్లే కనబడే ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అయితే ఆ బిడ్డకు ఆసుపత్రి ఒక పూర్తి రోజు దూరంలో ఉన్నట్టే. ఏ బస్సు నడుస్తుందో, ఏ వాగు వానకు దారి మూసేస్తుందో ఆశా కార్యకర్తకు తెలుసు, అక్కడి సార్లకు తెలుసు. వాళ్లు చూసి సరేననేదాకా మ్యాపు ముసాయిదాయే.

ఇక నీళ్లు. నల్లగొండలో పళ్ల గురించి మాట్లాడుతూ ఈ సంగతి దాటేయలేం. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కులేకపోతే ఒకటిన్నర దాకా పరవాలేదని మన దేశపు ప్రమాణం. ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు తాగిన తరాలున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా వచ్చింది. దాంతో కథ ముగిసిందనుకునేవాళ్లు ఒకసారి పిల్లల ముందుపళ్లు చూడాలి. ఆ పళ్ల మీది ఎనామిల్ పుట్టిన కొన్ని నెలలకే మొదలై నాలుగైదేళ్లకల్లా తయారైపోతుంది. అంటే పదో తరగతి పిల్ల పళ్ల మీది గోధుమరంగు చారలు ఆ పిల్ల పసితనంలో తాగిన నీళ్ల గుర్తు. ఇవాళ బడి నల్లాలో వచ్చే నీళ్లకూ వాటికీ సంబంధం లేదు.

గురుకులాల్లో ఇది మరీ ముఖ్యం. ఒకే బెంచీ మీద మూడు మండలాల పిల్లలు కూర్చుంటారు. వాళ్ల చారలన్నిటినీ గురుకులం ఉన్న ఊరి ఖాతాలో వేస్తే తప్పుడు మ్యాపు తయారవుతుంది, అదీ ఎవరికీ అనుమానం రాని చక్కటి రంగుల్లో. అందుకని ప్రతి బిడ్డ ఇంటివాళ్లనూ అడుగుతాం: మూడేళ్లప్పుడు ఏ ఊళ్లో ఉంది? అప్పుడు తాగింది నల్లా నీళ్లా, బోరు నీళ్లా? ఇప్పుడు తాగేది క్యాను నీళ్లా? అమ్మానాన్నా పనికోసం హైదరాబాద్ పోయి, బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరిగితే అమ్మమ్మ ఊరే రాసుకోవాలి.

ఈ చారలున్న గారపళ్లకు ఒక మ్యాపు, పుచ్చిన పళ్లకు వేరే మ్యాపు. రెండూ కలపం. చారలున్న పన్ను గట్టిగానే ఉండొచ్చు, తెల్లటి పన్ను లోపల డొల్ల కావచ్చు. చారలు చూసి ‘బ్రష్ చెయ్యవా?’ అని నలుగురిలో అడిగేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మా వృత్తివాళ్లూ ఉన్నారు. ఎంత తోమినా ఆ చారలు పోవు. మాలో ఎవరి నోటైనా ఆ మాట వస్తే ఆ రోజుకు వాళ్లు పని ఆపి కూర్చోవాలి.

పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడు వార్నిష్‌ను అన్ని బడుల్లో గుడ్డిగా పూయం. ఆరేళ్లలోపు పిల్లలు ఇంకా బోరు నీళ్లే తాగే ఊళ్లో ముందు నీళ్లు పరీక్ష చేయించి, ఆ తర్వాతే ఏం చేయాలో ఆలోచిస్తాం. ఆరేళ్లు దాటి, ఉమ్మడం చక్కగా వచ్చిన పిల్లలకు బఠాణీ గింజంత ఫ్లోరైడు పేస్టుతో భయం లేదు, ముందుపళ్ల మీద చారలు ఏర్పడే వయసు అప్పటికి దాటిపోతుంది. ఈ జిల్లాలో ఫ్లోరైడు పేరెత్తితేనే ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడటంలో న్యాయం ఉంది కాబట్టి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతాం.

మా పని ఒకటో తరగతి, రెండో తరగతితో మొదలవుతుంది. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక ఒక దవడపన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి ఇంట్లో అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. జీవితాంతం నమలాల్సిన పన్ను అది. దాని మీది గుంటల్ని పుచ్చకముందే సీలెంట్‌తో మూయాలి. అప్పటికే పుచ్చితే రెండు బెంచీలు కలిపి బిడ్డను పడుకోబెట్టి, డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతి పనిముట్లతో మెత్తబడినంత మేర తీసి గ్లాస్ అయానమర్ సిమెంటు నింపొచ్చు, కరెంటు అక్కర్లేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు చుక్క పుచ్చును ఆపగలదు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కానీ పూసిన చోట పుచ్చు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. ఆ నలుపును ఫొటోలో చూపించకుండా తల్లిదండ్రుల సంతకం తీసుకోం. ముందుపంటికి వద్దంటే వద్దే.

ఏ ఊరికీ ఎర్రరంగు పూసిన మ్యాపును పత్రికలకు ఇవ్వం. ఫ్లోరైడు ఊరని సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు ఈ జిల్లాలో ఉన్నాయి. పదిమంది చదివే బడిలో ‘నలుగురికి’ అని రాసినా ఆ నలుగురెవరో ఊరంతా పట్టేస్తుంది, అందుకే చిన్న బడుల లెక్కలు మండలం మొత్తంలో కలిపే బయటపెడతాం. పిల్లల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. పేస్టు కంపెనీ బ్యానరు బడి గోడకు కట్టం. మా డాక్టర్లెవరూ బడిలో చూసిన బిడ్డను సొంత క్లినిక్‌కు రమ్మనరు.

మన దేశంలో ఫ్లోరోసిస్ మీద, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు మీద, తొలి నివేదిక 1937లో వచ్చింది, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అక్కడివాళ్లు అడిగితే ఈ కాగితం ఇస్తాం. నీళ్ల ప్రశ్నలు మాత్రం వాళ్ల ఊళ్లను బట్టి వాళ్లే రాసుకోవాలి.

జూన్‌లో బడులు తెరవగానే సార్లతో కూర్చుని వరస సరిచూసుకుంటాం. పరీక్షల నెలల్లో పోం. ఒక బడిలో పని మొదలుపెడితే ఆరునెలల్లో మళ్లీ వెళ్లి, నింపిన సిమెంటు నిలిచిందో ఊడిందో చూడాలి. అలా వెళ్లలేమనుకుంటే కొత్త బడిని ఒప్పుకోం. పిల్లల పేర్లు తీసేసిన మ్యాపు కాపీ మండల విద్యాధికారి దగ్గర ఒకటి, పీహెచ్‌సీ డాక్టరు దగ్గర ఒకటి ఉంటాయి. మేము మానేసినా ఇంకెవరైనా దాన్ని తెరిచి, తర్వాత ఏ బడికి పోవాలో చూసుకోవచ్చు.